క్యాన్సర్ తగ్గింది సరే, కోలుకోవడం ఎవరి బాధ్యత?

క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ ఉన్నాయి. వాటికి ఆసుపత్రులున్నాయి, యంత్రాలున్నాయి, ప్రభుత్వం ధర కట్టిన ప్యాకేజీలున్నాయి. అవన్నీ పూర్తయిన మనిషి మళ్లీ చెయ్యెత్తి జడ వేసుకోవాలి, నోరు తెరిచి అన్నం తినాలి, నలుగురిలో మాట్లాడాలి, పనికి వెళ్లాలి, రాత్రి నిద్రపోవాలి. ఈ పనులను శరీరానికీ మనసుకూ తిరిగి అలవాటు చేయడమే క్యాన్సర్ పునరావాసం. ఫిజియోథెరపీ, మాటకూ మింగడానికీ ఇచ్చే శిక్షణ, ఆహార సలహా, మానసిక వైద్యం, కుటుంబానికి కౌన్సెలింగ్, ఉపాధికి ఆసరా అన్నీ ఇందులోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో రోగాన్ని తగ్గించే ఖర్చు చాలావరకు ప్రభుత్వ పథకం కిందికి వచ్చింది. మనిషిని నిలబెట్టే పని మాత్రం ఇంటివాళ్ల నెత్తిన పడింది. గోదావరి పాయల మధ్య ఉన్న కోనసీమలో ఆ బరువు ఎలా ఉంటుందో చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.

గౌతమి ఒకవైపు, వశిష్ఠ మరోవైపు, మధ్యలో వైనతేయ, దిగువన సముద్రం. అమలాపురం కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడింది. యానాం–ఎదుర్లంక వంతెన, దిండి–చించినాడ వంతెన, బోడసకుర్రు వంతెన వచ్చాక ప్రయాణం తేలికైంది గానీ, సఖినేటిపల్లి–నరసాపురం మధ్య ఇప్పటికీ పంటు మీద దాటాల్సిందే. కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. క్యాన్సర్ రోగికి స్లీపర్ తరగతిలో రైల్వేశాఖ ఉచిత ప్రయాణం ఇస్తుంది, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ ఇస్తుంది. ఆ రాయితీ అందుకోవడానికి అమలాపురం, రాజోలు వాసులు ముందు రాజమహేంద్రవరానికో సామర్లకోటకో పాలకొల్లుకో బస్సెక్కాలి.

చికిత్స కోసం ఇక్కడివారు కాకినాడ, రాజమహేంద్రవరం, విశాఖ, హైదరాబాద్ వెళతారు. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. హైదరాబాద్‌లో 1955 నాటి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి ఉంది. నోరు, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. ఊళ్లలో ‘కరెంటు పెట్టించుకోవడం’ అనే ఈ చికిత్స కోసం ఆసుపత్రి దగ్గరే గది అద్దెకు తీసుకుని, ఇంటిల్లిపాదిలో ఒకరు పనులు మానుకుని తోడుంటారు. అన్నీ అయ్యాక డిశ్చార్జి కాగితంతో ఇంటికి వస్తారు. ఆ కాగితంలో మందులుంటాయి, మూడు నెలల తర్వాత చెకప్ తేదీ ఉంటుంది. చేయాల్సిన వ్యాయామాలు వెళ్లిపోయే హడావిడిలో ఒకసారి చూపిస్తారు. వాటిని సరిగ్గా చేస్తున్నారో లేదో చూసేవారు ఊళ్లో ఉండరు. చెయ్యి ఎంతవరకు లేస్తోందో చూపించుకోవడానికి రెండు వందల కిలోమీటర్లు ఎవరూ వెళ్లరు, వెళ్లమని అడగడమూ న్యాయం కాదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ ప్రాంతపు పేదలకు క్యాన్సర్ చికిత్స తలుపు తెరిచింది. అంతకుముందు పొలం అమ్మడమో, చికిత్స వదులుకోవడమో దారిగా ఉన్న ఇళ్లకు ఆ పథకం చేసిన మేలు చిన్నది కాదు. అయితే దాని లెక్క ఆపరేషన్లలో, కీమో సైకిళ్లలో, రేడియేషన్ సిట్టింగుల్లో నడుస్తుంది. 2019 డిసెంబరులో ‘ఆరోగ్య ఆసరా’ పేరుతో కోలుకునే కాలానికి రోజుకు రూ. 225 చొప్పున, నెలకు గరిష్ఠంగా రూ. 5,000 ఇచ్చే ఏర్పాటు వచ్చింది. కూలి పోవడం కూడా జబ్బులో భాగమేనని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భం అది. ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లు మారతాయి. ఆ ఒప్పుకోలు మాత్రం పోకూడదు.

పునరావాసమనే ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది?

క్యాన్సర్ నయమైనవారికి వేరే అవసరాలుంటాయని మొదట పట్టుబట్టింది వైద్యులు కాదు, రోగులే. 1952లో న్యూయార్క్‌లో రొమ్ము తీసేసిన ఆపరేషన్ చేయించుకున్న టెరీస్ లాసర్, చెయ్యి ఎలా కదపాలో, జాకెట్టు లోపల ఏం పెట్టుకోవాలో చెప్పేవారు లేక తానే ఆ పనికి పూనుకున్నారు. ఆపరేషన్ అయిన స్త్రీల మంచాల దగ్గరికి వెళ్లి మాట్లాడే ఆమె ‘రీచ్ టు రికవరీ’ కార్యక్రమాన్ని 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ తన కిందికి తీసుకుంది. 1977లో జిమ్మీ హాలండ్ న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్‌లో మానసిక వైద్య విభాగాన్ని నిలబెట్టి, సైకో ఆంకాలజీ అనే శాఖకు పునాది వేశారు. స్వయంగా క్యాన్సర్‌కు చికిత్స పొందిన వైద్యుడు ఫిట్జ్‌హ్యూ ముల్లన్, చికిత్స ముగిసిన తర్వాతి కాలాన్ని విడిగా అర్థం చేసుకోవాలని 1985లో ఒక వైద్య పత్రికలో రాసిన వ్యాసం ఈ రంగానికి ఆధారపత్రంలాంటిది. మన దేశంలో 1951లో పుట్టిన ఇండియన్ క్యాన్సర్ సొసైటీ, 1954లో ముత్తులక్ష్మి రెడ్డి చెన్నై అడయార్‌లో స్థాపించిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఈ దారిలో పనిచేశాయి. అంటే జ్ఞానం కొత్తది కాదు. పెద్ద నగరం దాటి రాలేదు, అంతే.

చెయ్యి, దవడ, గొంతు

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులను తొలగిస్తే, చేతి నుంచి ద్రవం వెనక్కి వెళ్లే దారి తగ్గిపోతుంది. వెంటనే కాకపోయినా నెలలకో ఏళ్లకో చెయ్యి వాచిపోవచ్చు. రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ వాపు వస్తుందని పరిశోధనల సారాంశం. చంక గ్రంథులు ఎక్కువగా తీసినవారిలో, రేడియేషన్ కూడా పడినవారిలో ముప్పు మరింత ఎక్కువ. తొలిదశలో చర్మాన్ని శుభ్రంగా ఉంచడం, చెయ్యి ఎత్తుగా పెట్టుకోవడం, వ్యాయామం, పట్టీలు, బిగువుగా ఉండే తొడుగు దీన్ని అదుపులో పెడతాయి. వదిలేస్తే చర్మం గట్టిపడుతుంది. చిన్న గీత పడ్డా చీము, జ్వరం వస్తాయి.

కోనసీమ స్త్రీ చేతికి ఆ గీత పడే అవకాశాలు అడుగడుగునా ఉన్నాయి. వరి ఊడ్పుల్లో, కలుపు తీతలో చెయ్యి గంటల తరబడి బురదలో ఉంటుంది. రొయ్య ఒలిచే పనిలో, చేప శుభ్రం చేయడంలో ముల్లు గుచ్చుకుంటుంది. కొబ్బరి పీచు పనిలో అరచేయి ఒరుసుకుపోతుంది. వీటిని మానేయమని చెప్పడం నగరపు సలహా. రబ్బరు తొడుగు వేసుకోవడం, పని మధ్యలో చేతికి విశ్రాంతి ఇవ్వడం, గీత పడితే వెంటనే కడిగి మందు రాయడం, ఎర్రబడి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లడం ఇక్కడికి పనికొచ్చే సలహా. ఉక్కపోసే తీరంలో బిగువు తొడుగు రోజంతా వేసుకోవడం కష్టమే. అందుకే ఎప్పుడు తీయవచ్చో, ఎప్పుడు తప్పనిసరో కొలిచి చెప్పే ఫిజియోథెరపిస్టు దగ్గరలో ఉండాలి.

ఇక్కడ గోదావరి జిల్లాలకు ఒక అనుకూలత ఉంది. దాన్ని ఎవరూ ఈ కోణంలో చూసినట్టు లేదు. ఈ డెల్టా బోదకాలుకు పేరుమోసిన ప్రాంతం. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది, 2004 నుంచి ఏటా ఇంటింటికీ మాత్రలు పంచే పద్ధతి వచ్చింది. బోదకాలు ఉన్నవారికి కాలు ఎలా కడగాలో, వేళ్ల సందులు ఎలా తుడవాలో, కాలు ఎంత ఎత్తులో పెట్టాలో, ఏ వ్యాయామాలు చేయాలో నేర్పడం ఆ కార్యక్రమంలో భాగం. క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వచ్చే చేతివాపుకూ అసలు సూత్రం అదే, ద్రవం నిలిచిపోవడం. కాలికి నేర్పుతున్న సిబ్బందికి చేతి సంగతి నేర్పడానికి కొద్దిపాటి శిక్షణ చాలు. ఆ శిక్షణ లేకపోతే ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. చెయ్యి వాచిన స్త్రీని ఫైలేరియా అనుకుని మాత్రలిచ్చి పంపితే, అదుపు చేయాల్సిన కాలం చేజారుతుంది. కొన్నిసార్లు ఆ వాపు క్యాన్సర్ తిరగబెట్టిన గుర్తు కూడా కావచ్చు కాబట్టి, ఆపరేషన్ చరిత్ర ఉన్నవారిని తిరిగి క్యాన్సర్ వైద్యుడికి చూపించాలి.

నోటి క్యాన్సర్ సంగతి వేరు. గోదావరి లంకల్లో పండే పొగాకు చుట్టలకు పేరుపడింది. చుట్ట తగ్గినా ఖైనీ, గుట్కా, పాన్‌మసాలా వచ్చాయి. దవడలో కొంత భాగం తీసేసి, మీద రేడియేషన్ ఇచ్చాక కండరాలు బిగుసుకుని నోరు తెరుచుకోదు. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 35 మిల్లీమీటర్ల కన్నా తక్కువగా తెరుచుకుంటే వైద్యులు దాన్ని సమస్యగా లెక్కిస్తారు. దీనికి వాడే సాధనం ఐస్‌క్రీం పుల్లలే. పళ్ల మధ్య కొన్ని పుల్లలు పేర్చి పట్టుకోవాలి, రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్కటి పెంచాలి. రోజుకు చాలాసార్లు, నెలల తరబడి చేయాలి. నొప్పి అని ఆపితే నోరు మూసుకుపోతుంది, ఆ తర్వాత పళ్లు తోముకోవడం కూడా కష్టమే. రేడియేషన్‌తో లాలాజలం తగ్గి పళ్లు త్వరగా పుచ్చుతాయి. అప్పుడు దగ్గరలోని దంతవైద్యుడి దగ్గరికి వెళ్లి, రేడియేషన్ సంగతి చెప్పకుండా పన్ను తీయించుకుంటే దవడ ఎముక మానకుండా కుళ్లిపోయే ప్రమాదం ఉంది. ఈ ఒక్క వాక్యాన్ని డిశ్చార్జి కాగితంలో పెద్ద అక్షరాల్లో తెలుగులో అచ్చు వేస్తే కొన్ని దవడలు మిగులుతాయి.

తినడమంటే ఇక్కడ ఆకలి తీరడం ఒక్కటే కాదు. మనిషికి మనిషి ఇచ్చే మర్యాద కోనసీమలో భోజనం చుట్టూ తిరుగుతుంది. పెళ్లికి వెళితే పంక్తిలో కూర్చోకుండా రానివ్వరు, చుట్టమింటికి వెళితే కొసరి కొసరి వడ్డిస్తారు. నమలలేనివాడికి, నోటి చివర నుంచి చొంగ కారేవాడికి ఆ మర్యాదే పెద్ద శిక్ష. మొదట పెళ్లిళ్లు మానేస్తారు, తర్వాత చుట్టరికాలు, చివరికి ఇంట్లోవాళ్లతో కలిసి తినడం. జావ, ముద్దపప్పు కలిపిన మెత్తటి అన్నం, ముల్లు తీసిన చేప, గుడ్డు, పెరుగు బరువు నిలబెడతాయి. కారం, పచ్చళ్లు కొంతకాలం దూరం పెట్టాలి. క్యాన్సర్ వచ్చింది కదా అని గుడ్డు, చేప మాన్పించి పథ్యం పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. కోలుకునే శరీరానికి మాంసకృత్తులు కావాల్సిన సమయంలో అది చేటు.

మెడలోని గ్రంథులు తీసే ఆపరేషన్‌లో భుజాన్ని ఎత్తే నరం దెబ్బతినవచ్చు. గుమస్తా ఆ లోటును సర్దుకుంటాడు. కొబ్బరి దింపు కార్మికుడు చెట్టెక్కలేడు, వలుపు కార్మికుడు గుణపం మీద కాయను బలంగా గుచ్చలేడు, మోత కార్మికుడు బస్తా భుజానికి ఎత్తుకోలేడు. తొలి నెలల్లోనే భుజానికి వ్యాయామం మొదలుపెడితే కొంత బలం తిరిగి వస్తుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ చుట్టూ బతికే వేల కుటుంబాల జీవనం భుజాల మీదే నడుస్తుంది.

స్వరపేటిక మొత్తం తీసేసినవారు మెడలోని రంధ్రం ద్వారా ఊపిరి పీలుస్తారు. మాట కోసం అన్నవాహికకూ శ్వాసనాళానికీ మధ్య చిన్న కవాటం అమరుస్తారు. దిగుమతి చేసుకునే కవాటం వేల రూపాయలు పలికే రోజుల్లో బెంగళూరుకు చెందిన శస్త్రవైద్యుడు విశాల్ రావు రూ. 50 ఖర్చుతో ‘ఓం’ అనే కవాటాన్ని రూపొందించారు. పరికరం వచ్చినంత మాత్రాన మాట రాదు. దానితో మాట్లాడటం నేర్పే స్పీచ్ థెరపిస్టు కావాలి. ఇంకో జాగ్రత్త నీటిప్రాంతంలో ప్రాణం మీదికి తెచ్చేది. మెడ రంధ్రంలోకి నీళ్లు వెళితే నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళతాయి. కాలువ స్నానం, గోదావరిలో మునక వీరికి ఇక లేనట్టే. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. తలమీద నీళ్లు చల్లుకుంటే చాలునని, మునగవద్దని వీరికీ వీరి ఇంటివారికీ ముందే చెప్పాలి. చేపల వేట, పడవ పని చేసేవారికైతే వృత్తే మారాలి.

పెద్దపేగు ఆపరేషన్ తర్వాత పొట్ట మీద సంచి పెట్టుకునేవారి కష్టం ఎక్కువగా గుట్టుగా ఉంటుంది. సంచి సరైన కొలతలో కత్తిరించకపోతే చర్మం పుండవుతుంది, వాసన వస్తుందన్న భయంతో బస్సెక్కరు. సంచుల ఖర్చు నెలనెలా వస్తూనే ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న స్త్రీలకు యోనిమార్గం కుంచించుకుపోవడం, చిన్న వయసులోనే ముట్లుడగడం, కాళ్లవాపు వస్తాయి. వీటికి చికిత్సలున్నాయి, సాధనాలున్నాయి. అడిగేవారు లేరు, చెప్పేవారు లేరు. కాపురం చేస్తే భర్తకు జబ్బు అంటుకుంటుందన్న అపోహ మాత్రం అందరికీ తెలుసు. క్యాన్సర్ అంటదు. కంచం, గ్లాసు వేరు పెట్టాల్సిన పని అంతకన్నా లేదు.

అలసట సంగతి ఇంటివారికి అర్థం కావడం కష్టం. కీమో అయిన నెలల తర్వాత కూడా నిద్రతో తీరని నీరసం ఉంటుంది. ప్రేమకొద్దీ మంచం దిగనివ్వరు. వైద్యం చెప్పేది దీనికి ఎదురు. నడక, తేలికపాటి వ్యాయామం అలసటను తగ్గిస్తాయి. 2025 జూన్‌లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఇంకా ముందుకు వెళ్లింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిలో కొందరికి మూడేళ్లపాటు శిక్షకుడి పర్యవేక్షణలో వ్యాయామం చేయించారు, మిగతావారికి ఆరోగ్య సూచనల పుస్తకం ఇచ్చారు. ఐదేళ్లకు వ్యాయామం చేసినవారిలో 80.3 శాతం మంది రోగం లేకుండా బతికి ఉన్నారు, రెండో వర్గంలో 73.9 శాతం. ఒక మందు ఈ ఫలితం చూపిస్తే దానికి ప్యాకేజీ ఎప్పుడో వచ్చేది. ఆత్రేయపురం మండలం వాడపల్లి గుడిలో ఏడు శనివారాలు ఏడేసి ప్రదక్షిణలు మొక్కుకునేవారు తెలియకుండానే కొంత వైద్యం చేసుకుంటున్నారని అనుకోవచ్చు. మిగతా ఆరు రోజులు నడవడానికి కాలువగట్టు ఉంది.

చెప్పని మాట

‘ఆయనకి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు’ అనే మాట తెలుగునాట క్యాన్సర్ వార్డుల్లో రోజూ వినిపిస్తుంది. కొడుకు తండ్రికి చెప్పడు, భార్య భర్తకు చెప్పదు. ఆసుపత్రి బోర్డు మీద పేరు చదివి, జుట్టు రాలడం చూసి, పరామర్శకు వచ్చినవాళ్ల ముఖాలు చూసి రోగికి తెలిసిపోతుంది. తనకు తెలిసిన సంగతి ఇంటివాళ్లకు తెలియకూడదని ఆయనా నటిస్తాడు. ఒకే ఇంట్లో అందరికీ తెలిసిన విషయం ఎవరూ మాట్లాడుకోరు. చికిత్స సాగినంతకాలం ఈ మౌనం ఎలాగో నడుస్తుంది. అది ముగిసి ఇంటికొచ్చాక, తిరగబెడుతుందేమోనన్న భయం, శరీరం మారిపోయిన బాధ, అప్పుల బెంగ చెప్పుకోవడానికి మనిషి ఉండడు. దాచడంలో ప్రేమ ఉందని ఒప్పుకుంటూనే, దానివల్ల జరిగే నష్టం ఎక్కువని చెప్పక తప్పదు. రోగి ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో ముందు అడిగి, అంతమేరకు చెప్పడం ఇందుకు మధ్యేమార్గం.

ఆ బాధను ధైర్యం చాలక అని కొట్టేయడానికి లేదు. 14 దేశాల్లో జరిగిన 70 అధ్యయనాలను కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణ ప్రకారం, క్యాన్సర్ విభాగాల్లో చికిత్స పొందేవారిలో సుమారు 16 శాతం మందికి వైద్యం అవసరమైన డిప్రెషన్ ఉంది. అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. దిగులు ముదిరితే చెకప్‌లకు వెళ్లరు, మందులు మానేస్తారు. చెకప్ తేదీ దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టకపోవడం, ప్రతి నొప్పీ క్యాన్సర్ అనిపించడం ఏళ్ల తరబడి ఉంటాయి. సంరక్షించే మనిషిది మరో కథ. భార్యకు జబ్బయితే భర్త, అత్తకైతే కోడలు, ఎవరూ తమ అలసట గురించి నోరెత్తరు.

ఊరు కూడా ఇందులో భాగమే. 2025 మార్చిలో పొరుగునే తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న వార్తలతో వైద్య బృందాలు ఇంటింటి సర్వే చేశాయి. ఎంతమంది రోగులన్న లెక్క మీద జరిగినంత చర్చ, చికిత్స ముగించుకుని అవే వీధుల్లో బతుకుతున్నవారికి ఏం కావాలన్నదాని మీద జరగలేదు. పిల్లల పెళ్లి సంబంధాలు చెడతాయని జబ్బును దాచే కుటుంబాలకు అలాంటి వార్తలు మరింత భయం కలిగిస్తాయి. క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమేనన్న సంగతి ఆ వార్తల పక్కన అచ్చు వేయడం పత్రికల బాధ్యత.

దిగులును కనిపెట్టే సాధనం ఊళ్లో ఇప్పటికే ఉంది. ముప్పై ఏళ్లు దాటినవారందరికీ ఆశా కార్యకర్తలు నింపే ఆరోగ్య ప్రశ్నావళిలో నోటిపుండు, రొమ్ములో గడ్డ, రక్తస్రావం గురించిన ప్రశ్నలతోపాటు చివర మానసిక స్థితి మీద రెండు ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగా నిస్సహాయంగా అనిపించడం ఎంత తరచుగా ఉన్నాయని అడుగుతాయి. మార్కులు మూడు దాటితే వైద్యుడి దగ్గరికి పంపాలి. క్యాన్సర్ కనిపెట్టడానికి వాడే ఆ కాగితాన్నే, క్యాన్సర్ నుంచి కోలుకున్నవారి దగ్గరికి మూడు నెలలకోసారి తీసుకెళ్లవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

చర్చి ప్రార్థన కూటం, గుడి మొక్కు, డ్వాక్రా సంఘం సమావేశం ఈ ప్రాంతంలో మనిషిని ఒంటరిగా వదలని వ్యవస్థలు. వాటి విలువ కౌన్సెలర్లు కూడా ఒప్పుకుంటారు. స్వస్థత దొరికిందని చెప్పి మందులు మాన్పించే చోట మాత్రం గట్టిగా అడ్డు చెప్పాలి.

బతుకుతెరువు

కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్‌లకు ఇంటిపనికి వెళ్లిన స్త్రీల సంపాదన మీద ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. గల్ఫ్ ప్రయాణానికి వైద్య పరీక్ష తప్పనిసరి. క్యాన్సర్ వచ్చి తిరిగొచ్చిన స్త్రీకి ఆ దారి మూసుకుపోతే, తెచ్చిన అప్పు, ఆగిన జీతం ఒకేసారి మీద పడతాయి. ఆమెకు కౌన్సెలింగ్ కన్నా ముందు కావాల్సింది కూర్చుని చేయగల పని, వడ్డీ పెరగని రుణం.

చట్టంలో కొన్ని దారులున్నాయి, తెలిసినవారు తక్కువ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. స్వరపేటిక తీసేయడం వల్ల మాట పోవడాన్ని ఆ చట్టం పేరుపెట్టి చేర్చింది. ఎముక క్యాన్సర్‌తో కాలో చెయ్యో తీసేసినవారు సరేసరి. సదరం శిబిరంలో 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఆ పింఛను నెలకు రూ. 6,000. మాట పోయినవాడు సచివాలయానికి వెళ్లి తన కేసు తానే వాదించుకోలేడు. వార్డు నుంచి ఇంటికి పంపేటప్పుడే సదరానికి కావాల్సిన కాగితాలు కట్టి ఇవ్వడం ఆసుపత్రి సామాజిక కార్యకర్త పని.

కేరళ చూపిన దారి ఒకటుంది. 1993లో కోజికోడ్‌లో కొద్దిమంది వైద్యులు మొదలుపెట్టిన నొప్పి నివారణ సంస్థ, 2001 నాటికి ఊరివాళ్లే శిక్షణ పొంది పొరుగువారిని చూసుకునే ఉద్యమంగా మారింది. 2008లో ప్రభుత్వం విధానం ప్రకటించి పంచాయతీలను అందులోకి తెచ్చింది. అక్కడ డబ్బు, సమయం ఊరు ఇచ్చింది, నైపుణ్యం వైద్యవ్యవస్థ ఇచ్చింది. కోనసీమలో డ్వాక్రా సంఘాల బలం, పరామర్శ అలవాటు అంతకు తక్కువ కావు. వాటికి నైపుణ్యం కలపలేదు. చికిత్స పూర్తిచేసుకుని ఏళ్లయిన స్త్రీ, కొత్తగా ఆపరేషన్ అయిన స్త్రీ ఇంటికి వెళ్లి మాట్లాడితే కలిగే ధైర్యం వైద్యుడు ఇవ్వలేడు. ఆమెకు కొద్దిపాటి శిక్షణ, దారిఖర్చు ఇవ్వాలి.

మొదలుపెట్టడానికి పెద్ద భవనం అక్కర్లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి ఒక పూటను కోలుకుంటున్న క్యాన్సర్ రోగులకు కేటాయించాలి. ఆ పూట చూసే ఫిజియోథెరపిస్టులు, నర్సులు అగనంపూడిలోనో మరో క్యాన్సర్ కేంద్రంలోనో శిక్షణ పొంది రావాలి. పక్షవాతానికీ మోకాళ్ల నొప్పికీ అలవాటుపడిన చేతులకు వాచిన చెయ్యి, బిగుసుకున్న దవడ కొత్త పనే గానీ అసాధ్యం కాదు. ప్రతి క్యాన్సర్ ఆసుపత్రీ డిశ్చార్జి కాగితానికి తెలుగులో ఒక పునరావాస పత్రం జోడించి, దాని నకలును రోగి ఊరి ఆరోగ్య కేంద్రానికి పంపాలి. ప్రభుత్వ పథకం ప్యాకేజీల ధరలు సవరించే ప్రతిసారీ ఆపరేషన్ రేటు మీద బేరాలు జరుగుతాయి. వచ్చే సవరణలోనైనా ఫిజియోథెరపీ, మాట–మింగుడు శిక్షణ, బిగువు తొడుగు, పొట్ట సంచులు, మానసిక వైద్యుడి సంప్రదింపు ప్యాకేజీలో వరుసలుగా చేరాలి. ఆ వరుసలు లేనంతకాలం వాటి బిల్లు దింపు కార్మికుడి ఇల్లాలే కడుతుంది.